నైట్ డ్యూటీ మరుసటి పొద్దున ఇల్లు ఎవరి చేతిలో ఉంది? కర్నూలులో ఒక నర్సు కుటుంబం: కేస్ స్టడీ

ఈ కేసు కర్నూలు నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న ఒక తల్లి కుటుంబానిది. వారి అనుమతి తీసుకుని, గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు మార్చి రాస్తున్నాను. పదమూడేళ్ల అమ్మాయికి కూడా ఏమి రాయబోతున్నానో చదివి వినిపించి, ఆమె వద్దన్న వాటిని తీసివేశాను. పేర్లకు బదులు ఇంట్లో వాళ్లు పిలుచుకునే వరసలనే వాడుతున్నాను: అమ్మ, నాయన, జేజి (నాయన తల్లి), పాప, చిన్నోడు.

కుటుంబాన్ని కౌన్సెలింగు కోసం నా దగ్గరికి పంపినవారు పిల్లల డాక్టరు. పాప ఎనిమిదో తరగతి చదువుతోంది. కొన్ని నెలలుగా ఉదయం పూట బొడ్డు చుట్టూ కడుపునొప్పి వస్తోందని, నొప్పి వచ్చిన రోజు బడికి పోవడం లేదని తీసుకొచ్చారు. రక్త, మూత్ర పరీక్షలు, కడుపు స్కానింగు అన్నీ మామూలుగానే వచ్చాయి. నెలసరికీ ఈ నొప్పికీ తేదీలు కలవడం లేదని స్త్రీల డాక్టరు కూడా చెప్పారు. హాజరు తగ్గిందని బడి నుంచి కబురు వచ్చింది. తల్లి ఇంటి పట్టున ఉంటే ఇట్లాంటివి రావని ఒక టీచరు అన్నారట, ఆ మాట ఇంట్లో చాలా రోజులు నానింది.

మొదటి సిట్టింగుకు అందరూ వచ్చారు. సమస్య ఏమిటని అడిగితే జేజి ముందుగా అందుకుంది: "పిల్లకు నొప్పి కాదు మేడమ్, దిగులు. తల్లి మొగం చూసేకి కూడా దొరకదు." నాయన నేల చూస్తూ, "నాకు యాడ తెలుస్తాది మేడమ్, పిల్లోళ్ల సంగతి అంతా ఆమే చూసుకుంటాది" అన్నాడు. అమ్మ అయితే ఒకే ప్రశ్నతో వచ్చింది: "ఉద్యోగం మానేయాల్నా చెప్పండి. మీరు మానెయ్యమంటే రేపే కాగితం రాసిస్తా." పాప ఆ పూటంతా తమ్ముడి చొక్కా బొత్తాములు సరిచేస్తూ, వాడు నా బల్ల మీది బొమ్మలు లాగకుండా చూస్తూ కూర్చుంది. నలుగురు పెద్దవాళ్లం గదిలో ఉండగా ఆరేళ్ల పిల్లవాణ్ని పట్టుకున్నది ఆ అమ్మాయి ఒక్కతే. కేసు మొదటి పేజీలో నేను రాసుకున్న మొదటి మాట ఇదే.

నేపథ్యం

వీళ్లు కల్లూరు వైపు రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటారు. నాయన మార్కెట్ యార్డులో ఉల్లి కమీషన్ మండీలో గుమాస్తా. ఆగస్టు నుంచి నవంబరు వరకు సరుకు పోటెత్తి వస్తుంది కాబట్టి ఆ నెలల్లో తెల్లవారకముందే పోయి చీకటి పడ్డాక వస్తాడు. మిగతా కాలంలో పొద్దున ఆరింటికి బయలుదేరి మధ్యాహ్నం మూడు, నాలుగింటికల్లా ఇంటికి చేరతాడు. జేజి కోడుమూరు దగ్గరి పల్లె నుంచి, భర్త పోయాక, చిన్నోడు పుట్టిన ఏడాది వచ్చి ఇక్కడే ఉండిపోయింది. మోకాళ్ల నొప్పులున్నా వంట ఆమె చేతిదే.

అమ్మ జి.ఎన్.ఎం. (నర్సింగు డిప్లొమా) చదివి, పెళ్లికి ముందు నుంచే ఇదే పనిలో ఉంది. డ్యూటీ పన్నెండు గంటలు. పగలైతే ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది, నైట్ అయితే రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది. షేర్ ఆటోలో పోవడం రావడం, వార్డులో హ్యాండోవర్ ఇవ్వడం, అంటే తర్వాతి డ్యూటీ వాళ్లకు పని అప్పగించడం, కలుపుకుంటే ఇంటి లెక్కలో అది పద్నాలుగు గంటలు: ఏడుంబావుకు గడప దాటి, మళ్లీ తొమ్మిదికి గడప తొక్కుతుంది. నైట్స్ వరుసగా నాలుగైదు పడతాయి, ఎప్పుడు పడతాయో ముందురోజు వరకు తెలియదు, ఎవరైనా సెలవు పెడితే ఆఫ్ కూడా పోతుంది. 50 పడకల కన్నా తక్కువ ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని, సుప్రీంకోర్టు ఆదేశం మేరకు కేంద్రం వేసిన నిపుణుల సంఘం 2016లో సిఫారసు చేసింది. ఇన్నేళ్ల అనుభవం తర్వాత కూడా ఈమె జీతం ఆ అంకెను అందుకోలేదు. అయినా ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, చీటీ పాట వాయిదా కట్టేది ఆ జీతంతోనే. మండీలో వచ్చేది సీజనును బట్టి ఏరులాగా పొంగి ఎండిపోతుంది.

అందుకే ఆమె తెచ్చిన ప్రశ్నను మొదటి రోజే పక్కన పెట్టమన్నాను. పాప నొప్పికి కారణం తెలియకముందే ఉద్యోగం మానడం, జబ్బు పేరు తెలియకముందే మందు మింగడం లాంటిదని నర్సుకు విడమరిచి చెప్పనక్కరలేదు. ఆమె వెంటనే తల ఊపింది. జేజికి మాత్రం అది నచ్చలేదు.

క్యాలెండరులో కనిపించినది

నేను మూడు పనులు చేశాను. మూడు తరాల వంశచిత్రం గీశాను. తల్లి, తండ్రి, తరగతి టీచరు ముగ్గురి చేతా పిల్లల బలాలు, ఇబ్బందుల ప్రశ్నావళి నింపించాను. ఇది బ్రిటన్‌కు చెందిన పిల్లల మానసిక వైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ రూపొందించిన 25 ప్రశ్నల పట్టిక, నాలుగేళ్ల నుంచి పదిహేడేళ్ల వరకు పిల్లలకు పనికొస్తుంది. ఇబ్బందుల మార్కులు ఎంత ఎక్కువైతే ఇబ్బంది అంత ఎక్కువని అర్థం. మూడోది, వంటింటి గోడకు తగిలించిన పెద్ద క్యాలెండరులో, తిథి నక్షత్రాల పక్కన ఉండే ఖాళీలో, నొప్పి వచ్చిన రోజు పాప ఎర్ర చుక్క పెట్టాలని, అమ్మ తన డ్యూటీని ఒక అక్షరంతో రాయాలని చెప్పాను.

ప్రశ్నావళి దగ్గరే ఒక విచిత్రం ఎదురైంది. అమ్మ వేసిన మార్కుల ప్రకారం పాప భావోద్వేగ ఇబ్బందులు స్పష్టంగా హద్దు దాటి ఉన్నాయి, టీచరు వేసినవి హద్దు గీత మీద ఉన్నాయి. నాయన పట్టిక ప్రకారమైతే కర్నూలు జిల్లాలో ఇంత నిశ్చింతగా ఉన్న పిల్ల మరొకతె ఉండదు. రోజూ ఇంట్లో ఎక్కువసేపు మెలకువగా ఉండే తండ్రికి ఏమీ కనబడకపోవడం, రోజులో సగానికి పైగా బయట ఉండే తల్లికి అంతా కనబడటం గమనించదగిన విషయం.

క్యాలెండరు అంతకన్నా ఎక్కువ చెప్పింది. అందరూ అనుకున్నట్టు ఎర్ర చుక్కలు అమ్మ పగటి డ్యూటీ రోజుల్లో లేవు. ఆమె పూర్తిగా ఇంట్లో ఉండే ఆఫ్ రోజుల్లోనూ దాదాపు లేవు. చుక్కల్లో అత్యధికం నైట్ డ్యూటీ దిగిన పొద్దున్నే పడ్డాయి. అంటే పాపకు నొప్పి వస్తున్నది అమ్మ ఊరి అవతలి వార్డులో పన్నెండు గంటలు ఉన్న రోజున కాదు, ఆమె ఇంటికి చేరి పడుకునే రోజున.

ఆ పొద్దున ఇంట్లో ఏం జరుగుతుందో ఒక్కొక్కరినీ విడిగా అడిగి రాసుకున్నాను. పగటి డ్యూటీ రోజుల్లో ఒక వరస ఉంది: జేజి అయిదింటికి లేచి పొయ్యి వెలిగిస్తుంది, అమ్మ పాపకు జడలు వేసి, చిన్నోడికి స్నానం చేయించి, ఏడుంబావుకు బయలుదేరుతుంది. నైట్ మరుసటి పొద్దున ఆ వరస లేదు. నాయన ఆరింటికి మండీకి పోతాడు, ఎందుకంటే "ఇంట్లో అమ్మ ఉంది కదా". జేజి ఉగ్గాని కలిపి మూత పెట్టి గుడికి పోతుంది, ఎందుకంటే "కోడలు వచ్చే యాళ అయింది కదా". వార్డులో ఉన్న అమ్మ, "అత్తమ్మ, ఆయన ఉన్నారు కదా" అనుకుంటుంది. ముగ్గురి లెక్కలోనూ ఇంటికి ఎవరో ఒకరు ఉన్నారు. ఆ ఎవరో ఒకరు నిజానికి పాప. మున్సిపాలిటీ నీళ్లు వచ్చే వేళకు బిందెలు పెట్టడం, తమ్ముణ్ని లేపి స్నానం చేయించడం, రెండు డబ్బాలు కట్టడం, బడి ఆటో వచ్చేలోగా తన జడ తానే వేసుకోవడం. "రిబ్బన్ ఒక పక్కకు పోతాది. క్లాసులో నవ్వుతారు" అని ఒక్కటే ఫిర్యాదు చేసింది.

నొప్పి వస్తే ఇవేవీ చేయనక్కరలేదు. పాప మంచం మీద ముడుచుకుంటుంది, పక్కింటామె తమ్ముణ్ని ఆటో ఎక్కిస్తుంది, తొమ్మిదింటికి అమ్మ వస్తుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో పాప చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను: "నొప్పి ఉన్న పొద్దున అమ్మ పక్కన పండుకోనిస్తాది. మాట్లాడదు, నిద్రపోతాది. అయినా చెయ్యి నా మీదే ఏసుకుంటాది." నొప్పి లేని రోజున ఆమె బడి నుంచి నాలుగున్నరకు వచ్చేసరికి అమ్మ లేచి ఉంటుంది కానీ, మళ్లీ నైట్‌కు బయలుదేరేలోగా మిగిలిన ఆ రెండుముప్పావు గంటల్లో నోట్సులు, డబ్బాలో మిగిలిన అన్నం, తమ్ముడి మోకాలి దెబ్బ, పొద్దున ఎండకు వేయని బట్టలు అన్నింటికీ సంజాయిషీ చెప్పుకోవాలి. తక్కువ సమయంలో తల్లిగా చేయవలసినదంతా చేసేయాలనే తొందరలో ఆమె ఆ గంటలను తనిఖీగా మార్చుకుంది. రాత్రి తొమ్మిదింటికి వార్డు నుంచి చేసే ఫోను కూడా పాపకే వచ్చేది: అన్నం తిన్నారా, చిన్నోడు పాలు తాగినాడా, జేజి మాత్ర వేసుకుందా, గ్యాసు కట్టేసినారా? అదే గదిలో నాయన టీవీ చూస్తూ ఉండేవాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నొప్పి వల్ల పాపకు లాభం కలుగుతోందని గుర్తించడం వేరు, నొప్పి నటన అనడం వేరు. ఆ అమ్మాయి నొప్పి నిజమైన నొప్పి. మనసులోని ఒత్తిడి పేగుల కదలికల మీద, నొప్పి తెలిసే తీరు మీద పనిచేస్తుందన్నది వైద్యంలో స్థిరపడిన విషయం. ఈ తేడాను పెద్దవాళ్ల ముగ్గురికీ పాప లేనప్పుడు వివరించాను, లేకపోతే జేజి నోటి నుంచి "దొంగ ఏషాలు" అన్న మాట వచ్చేదే.

ఆ రాత్రి ఫోను

నొప్పులు మొదలైంది కిందటి సెప్టెంబరులో. ఆగస్టులో, అమ్మ నైట్‌లో ఉన్న ఒక రాత్రి, పాప పెద్దమనిషి అయింది. మొదట అమ్మకు ఫోను చేసింది. డ్యూటీలో సెల్‌ఫోను లాకరులో పెట్టాలన్నది వార్డు నియమం. మళ్లీ మళ్లీ చేసి, అర్ధరాత్రి దాటాక జేజిని లేపింది. పొద్దున తొమ్మిదింటికి అమ్మ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పాపను అప్పటికే ఒక మూల చాప మీద కూర్చోబెట్టి, ఇరుగుపొరుగు వచ్చి చూసి పోయారు. "దినామూ ఎంతమంది ఆడపిల్లలకు ధైర్యం చెప్తానో మేడమ్. నా బిడ్డ సంగతి గడప కాడ విన్నాను" అని అమ్మ నాతో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పింది. పాపకు తెలిసిన కథ మరోలా ఉంది: అమ్మ ఫోను ఎత్తలేదు. లాకరు సంగతి ఆమెకు తెలుసు, అయినా ఎత్తలేదన్నదే మనసులో మిగిలింది. ఆ రాత్రి తర్వాత ఆమె అమ్మకు తానుగా ఫోను చేయడం మానేసింది.

ఈ సంఘటనే మొత్తానికీ మూలమని నేను అనుకోలేదు. అయితే దీన్ని తల్లీకూతుళ్లు ఒకరితో ఒకరు ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు, ఫంక్షను మాత్రం ఘనంగా చేశారు. ఇద్దరినీ కూర్చోబెట్టి ఆ రాత్రి ఎవరు ఎక్కడ ఏ గంటలో ఏం చేస్తున్నారో వరసగా చెప్పించాను. పాప ఫోను చేస్తున్న సమయంలో అమ్మ ఒక కాన్పు తర్వాత రక్తస్రావం ఆగని మనిషి దగ్గర ఉందని పాపకు మొదటిసారి తెలిసింది. పాప చీర దడి వెనక చీకట్లో కూర్చుని పక్కింటి ఆంటీని లేపుదామా వద్దా అని ఎంతసేపు తటపటాయించిందో అమ్మకు మొదటిసారి తెలిసింది. క్షమాపణలేవీ చెప్పించలేదు. కొత్త ఏర్పాటు ఒకటి మాత్రం అడిగాను: పిల్లలు అత్యవసరమైతే చేయడానికి వార్డు ల్యాండ్‌లైను నంబరు. ఇన్‌ఛార్జి సిస్టర్ ఒక్క మాటతో ఒప్పుకున్నారు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

జేజి కథ

వంశచిత్రం గీసేటప్పుడు జేజి తన సంగతి చెప్పుకొచ్చింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె కూలికి పోయింది. వేరుశనగ కలుపు, పత్తి ఏరడం, కరువు పనిలో మట్టి మోయడం. పొద్దు పొడవకముందు సంగటి కెలికి పెట్టి పోతే దీపాలు పెట్టే వేళకు రావడం. మరి పిల్లలను ఎవరు చూశారని అడిగితే, "మా పెద్దది చూసింది. వీణ్ని సంకలోంచి దించలేదు" అని నాయన వైపు చూపించింది. ఆ పెద్ద కూతురి చదువు అయిదో తరగతితో ఆగిపోయింది.

తల్లి పనికి పోవడం ఈ ఇంటికి కొత్త కాదు. రాయలసీమ మెట్టపొలాల్లో ఆడవాళ్లు ఎప్పుడు ఇంటి పట్టున ఉన్నారు కనుక? నెల జీతం వచ్చే ఆడవాళ్లనే ఉద్యోగినులని లెక్కపెట్టడం వల్ల ఇదేదో నిన్నా మొన్నా పుట్టిన సమస్యలా కనిపిస్తుంది. ఈ ఇంట్లో రెండు తరాలుగా మారనిది ఒకటే: తల్లి బయటికి పోతే ఖాళీ అయిన చోటు పెద్దాడపిల్ల మీద పడుతుంది, ఎవరూ చెప్పకుండానే, ఎవరూ నిర్ణయించకుండానే. తమ్ముణ్ని మోసిన అక్క గురించి విన్నాక నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాతి సిట్టింగుకు అతను ఒక్కడే, మండీ నుంచి నేరుగా, ఉల్లిపొట్టు అంటిన చొక్కాతో వచ్చాడు.

ఇలాంటి ఇంట్లో కుటుంబ నిర్మాణం గురించి కుటుంబ చికిత్సా నిపుణుడు సాల్వడార్ మినూచిన్ చెప్పిన ఒక విషయం బాగా పనికొస్తుంది. పెద్దపిల్ల తమ్ముళ్లను చెల్లెళ్లను చూసుకోవడమే హాని కాదు, పెద్ద కుటుంబాల్లో, తల్లిదండ్రులు ఇద్దరూ పనికి పోయే ఇళ్లలో అది సహజమే. ఆ బాధ్యత ఎంతవరకో, ఎప్పటివరకో పెద్దవాళ్లు స్పష్టంగా చెప్పి అప్పగించనప్పుడు, లేదా పెద్దవాళ్లు తప్పుకోగా అది పిల్ల మీద పడినప్పుడు, ఆ పిల్ల వయసుకు మించిన బరువు కింద నలిగిపోతుంది. మా కేసులో జరిగింది రెండోది.

తల్లి అపరాధ భావానికి కూడా ఒక జవాబు కావలసి వచ్చింది. అమెరికాలో జాతీయ శిశు ఆరోగ్య, మానవ వికాస సంస్థ 1991లో మొదలుపెట్టి 1,300 మందికి పైగా పిల్లలను పసితనం నుంచి గమనించిన అధ్యయనంలో, తల్లికి దూరంగా ఇతరుల సంరక్షణలో గడిపిన గంటలు వాటంతట అవే తల్లీబిడ్డల అనుబంధాన్ని చెరపలేదని తేలింది. తల్లి స్పందన కొరవడిన చోట ఎక్కువ గంటలు తోడైతేనే అనుబంధానికి దెబ్బ తగిలింది. ఎక్కువ గంటలు బయటి సంరక్షణలో ఉన్న పిల్లల్లో ప్రవర్తన చిక్కులు కొద్దిగా ఎక్కువ కనిపించాయన్నది కూడా అదే అధ్యయనం చెప్పింది, దాన్నీ అమ్మ దగ్గర నేను దాచలేదు. మన దేశంలో జాతీయ గణాంక కార్యాలయం 2019 కాల వినియోగ సర్వే అంకెలను నాయన ముందు పెట్టాను: ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు, అసలు ఒక రోజులో ఆ పనికి చెయ్యి పెట్టే మగవాళ్లే నూటికి 26 మంది. అతను గుమాస్తా, అంకెలంటే వెంటనే చదువుతాడు. "మా ఇంట్లో తొంభై ఏడు కూడా ఉండదు మేడమ్" అన్నాడు.

హ్యాండోవర్

మార్పుకు దారి అమ్మ వృత్తిలోనే దొరికింది. డ్యూటీ దిగేటప్పుడు వార్డులో ఏం చేస్తారో అందరి ముందు చెప్పమన్నాను. ఆమె గొంతు మారింది, ఆ గదిలో అంతవరకు అంత ధీమాగా ఆమె మాట్లాడలేదు. ఒక్కొక్క మంచం దగ్గరికి తర్వాతి డ్యూటీ సిస్టర్‌ను తీసుకెళ్లి, ఏ సెలైను ఎంతవరకు ఎక్కింది, ఏ ఇంజెక్షను ఇంకా బాకీ ఉంది, మూత్రం ఎంత వచ్చింది, డాక్టరు ఏం చెప్పి పోయారు, రాత్రి ఎవరి మీద కన్ను వేసి ఉంచాలి అన్నీ చెప్పి, రిజిస్టరులో రాసి, ఇద్దరూ సంతకం పెట్టాకే వార్డు వదులుతారు. ఆలస్యమైనా సరే, అవతలి మనిషి రాకుండా కదలరు. వింటున్న నాయన తనంతట తానే అన్నాడు: "మా ఇంట్లో ఆమె పోయేటప్పుడు ఎవరికీ ఏమీ చెప్పి పోదు. మేమూ అడగం."

ఏర్పాటు ఇలా కుదిరింది. నైట్‌కు బయలుదేరేముందు పది నిమిషాలు అమ్మ, నాయన, జేజి కూర్చుంటారు, మరుసటి పొద్దున ఇల్లు ఎవరి చేతిలో ఉందో పేరు పెట్టి చెప్పుకుంటారు, పిల్లలు వింటుండగానే. సీజను కాని నెలలు కాబట్టి నైట్ మరుసటి పొద్దున తొమ్మిదికి వస్తానని నాయన మండీ యజమానిని ఒప్పించాడు. నీళ్లు, చిన్నోడి స్నానం, ఆటో ఎక్కించడం అతనివి, డబ్బాలు జేజివి. రాత్రి తొమ్మిది గంటల ఫోను నాయనకు వస్తుంది, ఇంటి సంగతులు అతన్నే అడగాలి. పాపతో మాట్లాడితే పాప సంగతే మాట్లాడాలి. తమ్ముడికి హోంవర్కు చూపించే పని పాప తనకే కావాలని అడిగి పెట్టుకుంది, అది ఆమెకు ఇష్టం.

మొదట్లో ఇది సవ్యంగా సాగలేదు. హ్యాండోవర్ చాడీల పద్దుగా మారింది. "నీ కొడుకు పాలు పారబోసినాడు, నీ కూతురు ఎదురు మాట్లాడింది" అని జేజి చదవడం, అమ్మ జవాబు చెప్పడం, నాయన లేచి బయటికి పోవడం. పైగా జేజికి ఇది అవమానంగా తోచింది: "నా కొడుకు ఇంట్లో నేను రిపోర్టు ఇయ్యాల్నా?" ఆమెతో విడిగా మాట్లాడితే అసలు నొప్పి తెలిసింది. పని తనది, తప్పుపట్టే హక్కు కోడలిది. చిన్నోడికి జలుబని వాము కషాయం ఇస్తే నర్సమ్మకు పనికిరాదు. దాంతో రెండు విషయాలు తేల్చుకున్నాం. హ్యాండోవర్‌లో జరిగిపోయినదాని మీద తీర్పులు ఉండవు: ఏం మిగిలింది, ఎవరు చేస్తారు, దేని మీద కన్ను వేయాలి, అంతే. ఇల్లు జేజి చేతిలో ఉన్న పూట ఆమె మాటే చెల్లుతుంది. మందు మాత్రల విషయం ఒక్కటే అమ్మకు వదిలేయాలి. అత్తాకోడళ్ల మధ్య దీనికి పట్టిన సమయం మిగతా అన్నింటికీ కలిపి పట్టలేదు.

పాప విషయంలో నేను అన్నిటికన్నా ముఖ్యమనుకున్నది, అమ్మ పక్కన పడుకోవడానికి నొప్పి అవసరం లేకుండా చేయడం. ఆఫ్ రోజు మధ్యాహ్నం, ఆదివారం పొద్దున, పాప ఎప్పుడంటే అప్పుడు అమ్మ పక్కన చేరవచ్చు, ఏ కారణమూ చెప్పనక్కరలేదు. నొప్పి వచ్చిన పొద్దున మాత్రం గంట సేపు విశ్రాంతి తీసుకుని, నాయన బండి మీద రెండో పీరియడుకైనా బడికి పోవాలి. సాయంత్రం అమ్మ లేచాక మొదటి అరగంటలో చదువు మాట ఎత్తకూడదు: టీ తాగడం, పాప తలకు నూనె పెట్టి రేపటికి కూడా నిలిచేలా జడలు గట్టిగా అల్లడం. ఈ అరగంట అమ్మకు చాలా కష్టమైంది. డబ్బా మూత తీసి చూడకుండా ఉండలేకపోయేది.

ఆసుపత్రి వైపు నుంచి దొరికింది తక్కువ. రోస్టరు వారం ముందు ఇవ్వమని అమ్మ అడిగింది. శనివారానికి చూపిస్తామన్నారు, కొన్ని వారాలు చూపించారు, సిబ్బంది తగ్గినప్పుడల్లా మళ్లీ పాత పద్ధతే. పన్నెండు గంటలు పన్నెండు గంటలుగానే ఉన్నాయి.

ఫలితాలు

మొదట వారానికొకసారి, తర్వాత పదిహేను రోజులకొకసారి, వేసవి సెలవుల వరకు కలిశాం. ఎర్ర చుక్కలు మెల్లగా పలచబడ్డాయి, చివరి నెలలో నొప్పి వచ్చినా బడి మానలేదు. ప్రశ్నావళి మళ్లీ నింపిస్తే అమ్మ లెక్కలో పాప ఇబ్బందులు హద్దు గీత దగ్గరికి దిగాయి, టీచరు లెక్కలో మామూలు స్థాయికి వచ్చాయి. నాయన వేసిన మార్కులు మాత్రం పెరిగాయి. పాప తొందరగా కంటనీరు పెట్టుకుంటుందని, కొత్త చోట భయపడుతుందని, రాత్రి నిద్రలో పలవరిస్తుందని అతను ఇప్పుడు రాశాడు. కాగితం మీద చూస్తే ఇది క్షీణత. నేను దీన్ని ఈ కేసులో వచ్చిన మంచి ఫలితాల్లో ఒకటిగా లెక్కపెట్టాను.

ఒక కుటుంబంతో చేసిన పని నుంచి పెద్ద మాటలు చెప్పడానికి వీల్లేదు. ఇలాంటి కడుపునొప్పులు కొందరు పిల్లల్లో కాలంతో పాటు వాటంతట అవే తగ్గుతాయి. మేము పనిచేసిన నెలలు నాయనకు తీరిక ఉన్న నెలలు కావడం, పరీక్షల తర్వాత సెలవులు రావడం కూడా కలిసొచ్చాయి. అయితే అమ్మ పని గంటలు ఒక్క నిమిషం కూడా తగ్గకుండానే ఈ మార్పు వచ్చింది కాబట్టి, తల్లి గంటలనే ఏకైక కారణంగా పట్టుకోవడానికి ఈ కేసులో ఆధారం లేదు. ఇప్పుడు షిఫ్టు డ్యూటీ చేసే తల్లి లేదా తండ్రి ఉన్న కుటుంబం వస్తే, ఎన్ని గంటలు పనిచేస్తారని అడిగి ఊరుకోకుండా, డ్యూటీ మారే వేళల్లో ఇంట్లో ఏం జరుగుతుందో మొదటి సిట్టింగులోనే రాసుకుంటున్నాను.

సెప్టెంబరులో మళ్లీ కలిసినప్పుడు ఉల్లి సీజను జోరు మీద ఉంది. నాయన తెల్లవారుజామున నాలుగింటికే పోతున్నాడు, నైట్ మరుసటి పొద్దున్నలు మళ్లీ అనాథలయ్యే పరిస్థితి. ఈసారి దాన్ని పట్టుకున్నది జేజి. "రేపు వీడు ఉండడు, నేను ఉంటా, గుడికి సాయంత్రం పోతా" అని హ్యాండోవర్‌లో తానే చెప్పిందట. జేజి నీళ్లు మోయలేని మనిషి కాబట్టి ఆ మూడు నెలలకు పక్క వీధి అబ్బాయిని బిందెలకు కుదుర్చుకున్నారు. పాపకు ఆ నెలలో రెండు ఎర్ర చుక్కలు పడ్డాయి. రెండూ నైట్ మరుసటి పొద్దున్నవే, రెండు రోజులూ ఆలస్యంగానైనా బడికి పోయింది.

తేలనిది భార్యాభర్తల సంగతి. ఒకరు వచ్చే వేళకు మరొకరు పోతారు. పిల్లల గురించి తప్ప వేరే మాట మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో ఇద్దరికీ గుర్తు లేదు. ఇన్నాళ్లూ పాప నొప్పి వాళ్ల మాటలకు ఒక సందర్భంగా పనికొచ్చింది, ఇప్పుడు అదీ తగ్గింది. ఆ మాట నాయనే ఎత్తాడు. డిసెంబరులో సరుకు తగ్గాక, అమ్మకు ఆఫ్ దొరికిన రోజు చూసుకుని, ఇద్దరితో మాత్రమే సిట్టింగులు మొదలుపెట్టాలని అనుకున్నాం.